పేరు చెప్పని దండు

వంతు 61

ఈ పుస్తకంలో అరవై వంతుల వరకూ రాత మా ఆయనది. ఇక్కణ్ణుంచి నాది. అక్షరాలు వంకరగా ఉంటే కోప్పడకండి. నేను బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. అందులో ఒక ఏడాది గాలి గొట్టాలు బాగుచేస్తున్నారని బడి మూసేశారు.

జరిగింది రాయమన్నారు మస్తాన్ బాబాయి. మా గుమ్మటం తరఫున ఆట చూసుకునే పెద్దమనిషి ఆయన. "ఏం జరిగిందో అదే రాయమ్మాయ్, దాచిపెట్టమాక" అన్నారు. అందుకని అంతా రాస్తున్నాను.

నిన్న మా ఆయన బయటి గొట్టాల మీద ధూళి దులపడానికి వెళ్ళారు. ముఖం తొడుగు అంచు ఊడింది. రెండు గుక్కలు ఎర్రధూళి మింగారు. ప్రాణానికి ఏమీ కాలేదు. గొంతు పోయింది. డాక్టరమ్మ నలభై రోజులు నోరు తెరవకూడదంది. "గుసగుస కూడా వద్దు, గుసగుస ఇంకా చెడ్డది" అని మెడలో ఒక పలక కట్టింది.

ఆట ఏమో నోటితోనే ఆడాలి. రాసిస్తే చెల్లదు. నాలుగు ఊళ్ళ గుమ్మటాలూ వినేలా హాల్లో నిలబడి, రోజుకు ఒక్క వంతు, గట్టిగా చెప్పాలి. ప్రతి వంతులోనూ ముందు చెప్పేది మా దిగువరేవు, చివర చెప్పేది ఎర్రమిట్ట. ఆడేవాళ్ళకు నోరు పడిపోతే అదే ఇంటి మనిషి చెప్పవచ్చు. కానీ ఒకసారి ఆ గొంతు నమోదైతే ఆట అయ్యేదాకా అదే గొంతు.

మా ఇంట్లో ముగ్గురం. మా ఆయన, మా అత్తగారు రత్తమ్మ గారు, నేను. మా అత్తగారికి గొంతు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పదేళ్ళ కిందట ఆట మధ్యలో లేచి ఎర్రమిట్ట వాళ్ళను తిట్టిన తిట్లకు ఆవిడకు హాల్లో మాట్లాడే హక్కు పోయింది. ఆ తిట్లు ఇప్పటికీ ఎర్రమిట్టలో పిల్లలు నేర్చుకుంటారట.

మిగిలింది నేను. మా పెళ్ళయి ఇరవై రోజులు.

ఆట మొత్తం నూరు వంతులు. నూరో వంతు అయ్యేసరికి ఆఖరున ఉన్న ఊరి నుంచి ముప్పై మంది ధ్రువం దగ్గర మంచు కోయడానికి వెళ్ళాలి. రెండేళ్ళు. నాలుగు ఊళ్ళకూ నీళ్ళు అక్కణ్ణుంచే రావాలి కదా. ఆట మొదలుపెట్టినవాళ్ళ పేరు ఆ పట్టికలో మొదటిది. మేం ఇప్పుడు నాలుగు ఊళ్ళలో నాలుగో స్థానం. మా ఆయన మార్కులొచ్చే బళ్ళు కట్టించలేదు, పొలాలు దున్నించలేదు. ఉన్నదంతా పెట్టి పన్నెండు ఏనుగులతో ఒక దండు చేసి ఎర్రమిట్ట సరిహద్దులో పిల్లికనుమ దగ్గర నిలబెట్టారు.

ఇంకో రకంగా కూడా గెలవచ్చు. మిగతా మూడు రాజధానులూ పట్టుకుంటే మార్కులతో పని లేదు, మంచు సంగతి గెలిచినవాళ్ళు చెప్పినట్టే. అలా గెలవడం చూసిన మనిషి మా ఊళ్ళో మా అత్తగారి మేనత్త ఒక్కతే. ఆవిడకు ఇప్పుడు ఏదీ గుర్తులేదు.

హాలు అంటే భోజనాల హాలే. పొద్దున నీళ్ళు పట్టుకున్నాక బల్లలు తుడిచి, మధ్య బల్ల మీద ఆట వెలిగిస్తారు. కొండలు, నదులు, సముద్రం వెలుతురుతో పైకి లేస్తాయి. సముద్రాన్ని నేను ఆ బల్ల మీదే చూశాను.

"దిగువరేవు, చెప్పండి" అంది ఆట నడిపే యంత్రం.

చెప్పాను.

"వినపడలేదు."

మళ్ళీ చెప్పాను. మళ్ళీ వినపడలేదంది. మా అత్తగారు వెనక నుంచి నడుం మీద పొడిచారు. "అమ్మో!" అన్నాను.

"అమ్మో అనే దండు లేదు" అంది యంత్రం.

నాలుగు గుమ్మటాలూ నవ్వాయి. మా ఆయన పలక ఎత్తి చూపించారు. అందులో ఇలా ఉంది: "—— దండును పిల్లికనుమ దాటించు."

ఆ గీత ఉన్న చోట మా ఆయన పేరు ఉంది. పెళ్ళికి ముందు ఆట మొదలుపెట్టినప్పుడు, ఏనుగుల దండుకు తన పేరే పెట్టుకున్నారట. నేను పలక చూడనట్టు తల తిప్పుకుని, "ఉప్పు పడవ ఒకటి ఎదురుగట్టుకు పోవాలి" అన్నాను. అది వినపడిందట.

వంతు 62

ఇంటికి వచ్చాక పలక మీద పెద్ద గొడవ జరిగింది. మా ఆయన రాస్తారు, నేను చదివేలోపు తుడిచి ఇంకోటి రాస్తారు. "ఒక్క మాట! ఒక్కసారి! ఏనుగులు ఊరికే నిలబడి ఏం చేస్తాయి?"

నేను తలుపు వెనక్కి వెళ్ళిపోయాను.

మా ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. మిగతా ఊళ్ళ వాళ్ళు నవ్వుతారు, నవ్వుకోనీండి. మా అత్తగారు చెప్పే కారణం ఇది. మొదట్లో ఈ గుమ్మటం గోడలకు చెవులు ఉండేవట. బయట పని పడితే గోడ తనకు వినపడిన పేరునే పిలిచేదట. పొయ్యి దగ్గర నుంచి ఏ ఇల్లాలైనా "ఫలానా, అన్నానికి రా" అని కేకేస్తే, గోడ ఆ పేరు పట్టుకుని "ఫలానా, బయటికి రా" అనేదట. ఆ రోజుల్లో బయటికి వెళ్ళినవాళ్ళలో సగం మందే తిరిగొచ్చేవాళ్ళు. అందుకని ఆడవాళ్ళు పేర్లు మానేశారు. తర్వాత గోడల చెవులు తీసేశారు.

"తీసేశామన్నారు. తీసి మనకేమన్నా చూపిచ్చారా?" అంటారు మా అత్తగారు.

మా ఆయన దండం పెట్టి, ఇంట్లోనే ఒకసారి పలికి చూడమని సైగ చేశారు. ప్రయత్నించాను. మొదటి అక్షరం దగ్గర పెదవులు కలిశాయి, మళ్ళీ విడిపోలేదు. మా అత్తగారు వచ్చి, "ఏందిరా, ఆ పిల్లని ఏడిపిస్తన్నావు? నిన్ను బయటికి పంపించటానికి అదేం నీ మీద పగబట్టిందా?" అని గరిటె చూపించారు.

దండు పేరు మార్చుకోవచ్చేమోనని మస్తాన్ బాబాయిని అడిగాం. "పెట్టిన పేరు మార్చే లెక్క లేదమ్మాయ్" అన్నారు.

ఇక ఈ పుస్తకంలో కూడా ఆ పేరు వచ్చిన చోట గీతే గీస్తాను. రాస్తే గోడకు వినపడదు నిజమే. అయినా చెయ్యి రాదు.

వంతు 65

ఉప్పు పడవ ఇనుముతో తిరిగొచ్చింది. ఇనుముంటే కొత్త దండు తయారుచేయవచ్చట. "పేరు?" అంది యంత్రం. నాకు ఏమీ తోచలేదు. పొద్దున్నే గోంగూర పచ్చడి నూరి వచ్చాను, చేయి ఇంకా మండుతోంది.

"రోకలి" అన్నాను.

"రోకలి దండు సిద్ధం" అంది యంత్రం, చాలా గౌరవంగా.

హాలంతా నవ్వు. మా ఆయన కూడా భుజాలు ఎగరేస్తూ నవ్వారు. చప్పుడు రాకుండా నవ్వే మనిషిని నేను మొదటిసారి చూశాను. చాలా బాగున్నారు. ఇది ఆటకు సంబంధించిన సంగతి కాదు, కానీ అంతా రాయమన్నారు కదా.

వంతు 70

ఎర్రమిట్ట తరఫున ఆడేది భుజంగం గారు. నాలుగుసార్లు గెలిచిన మనిషి. ఇవాళ తన వంతు అయ్యాక మైకులో నన్నే అడిగారు.

"అమ్మాయ్, పది రోజులైంది. ఆ ఏనుగుల్ని ఎందుకు కదపటంలా?"

నాకు సిగ్గేసింది. పమిట కొస నోట్లో పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

"చెప్పవా? సరేలే. చెప్పకపోతే తెలీదనుకున్నావా?" అన్నారు. ఆయన గొంతులో ఏదో తేడా ఉంది.

సాయంత్రానికి కబురు వచ్చింది. రేపటి వంతులో ఎర్రమిట్ట తన కాపలా దండులన్నిటినీ పిల్లికనుమకు అవతల మోహరిస్తుందట. కొలిమిగుంట వాళ్ళు కూడా భయపడి తమ దండులను అక్కడికే పంపుతారట. జొన్నపాలెం వాళ్ళు సగం పంపుతారట. ఈ పిల్ల ఏదో పెద్ద ఎత్తు వేస్తోందని అందరూ అనుకుంటున్నారట.

మా ఆయన పలక మీద రాశారు: "నీ ఎత్తు ఏమిటి?"

"నాకు ఎత్తేం లేదండీ. సిగ్గేసింది" అన్నాను.

ఆయన చాలాసేపు బల్ల మీద కొండలు ఎలా ఉన్నాయో పలక మీద గీశారు. గీసి గీసి ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. కింద రాశారు: "కదపొద్దు. అస్సలు కదపొద్దు!"

ఇరవై తొమ్మిది రోజుల మా కాపురంలో మేమిద్దరం ఒక మాట మీదికి రావడం ఇదే మొదలు.

వంతు 74

కొలిమిగుంట మాదే!

మెల్లగా రాస్తాను. కొలిమిగుంట దండులన్నీ కనుమ దగ్గర ఉన్నాయి కదా. వాళ్ళ రాజధాని పక్కనే, ముందెప్పుడో నేను నీళ్ళకని పంపిన మా బావులు తవ్వేవాళ్ళు ఉన్నారు. పాపం, ఎవరూ పట్టించుకోని మనుషులు. పారలూ చేదలూ తప్ప ఏమీ లేవు. నిన్న మా ఆయన పలక మీద అడిగారు: "ఖాళీ కోటలోకి ఎవరు అడుగుపెట్టినా వాళ్ళదే. అక్కడ నీకు ఎవరున్నారు?"

"బావులు తవ్వేవాళ్ళండీ."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతే.

ఇవాళ నేను, "బావులు తవ్వేవాళ్ళు కొలిమిగుంటలోకి పోవాలి" అన్నాను. అక్కడ మంచి నీళ్ళున్నాయో లేవో చూసి రమ్మన్నట్టే చెప్పాను. యంత్రం కాసేపు ఆలోచించింది. "కొలిమిగుంట రాజధాని దిగువరేవు వశమైంది" అంది.

కొలిమిగుంట తరఫున ఆడే ముసలాయన మైకులో, "చేదలతోనా? నా కోటని చేదలతో పట్టుకుంటారా? మస్తానూ, ఇది న్యాయమేనంటయ్యా?" అని గోలపెట్టారు. మస్తాన్ బాబాయి నవ్వు ఆపుకుని, "లెక్క ప్రకారం న్యాయమే బావా" అన్నారు.

మా అత్తగారికి మాట్లాడే హక్కు లేదు కాబట్టి ఈల వేశారు. ఆవిడకు ఈల వచ్చని మాకెవ్వరికీ తెలియదు.

వంతు 77

దీపాల కింద అప్పడాలు ఆరబెడుతుంటే ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరారు. తర్వాత ఏం చేస్తావని అడిగారు. జొన్నపాలెం సంగతి ఆలోచిస్తున్నాను అన్నాను. ఎవరో నిజం సేనాధిపతి మాట్లాడుతున్నట్టు ఉంది నా గొంతు. మళ్ళీ నాకే నవ్వొచ్చి రెండు అప్పడాలు విరిగాయి.

జొన్నపాలెం గోడలు పెద్దవి, సగం దండులు ఇంట్లోనే ఉన్నాయి. రోకలి ఒక్కటీ చాలదు. కానీ జొన్నపాలానికి ఉప్పు పండే తీరం లేదు. వాళ్ళు తినే ఉప్పంతా మా పడవల మీదే పోతోంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పదహారు రోజులుగా ఆ పడవలను నడిపేది నేనే కదా, నాకు తెలియదా?

ఇవాళ, "ఉప్పు పడవలన్నీ ఇంటికి రావాలి" అన్నాను.

"అంతేనా?" అన్నారు భుజంగం గారు మైకులో.

"అంతేనండీ" అన్నాను. వినపడేలాగే అన్నాను.

వంతు 83

ఉప్పు లేని కూర ఎన్ని పూటలు తింటారు? యంత్రం లెక్క ప్రకారం ఆరు వంతులు. ఇవాళ జొన్నపాలెం ప్రజలే తలుపులు తీశారు. ఈలోపు నేను పంపిన రోకలి దండు వాకిట్లో నిలబడి ఉంది. "రండి" అన్నట్టు తీశారు, మేం వెళ్ళాం.

రెండు రాజధానులు! మా వీధిలో పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి ఏనుగుల ఆట ఆడుతున్నారు. కదలకుండా నిలబడటమే ఆట. ముందు కదిలినవాడు ఓడినట్టు.

నేను పచ్చడి జాడీ తీసుకుని వీధిలో వెళ్తుంటే ఒక ముసలావిడ లేచి దారి ఇచ్చింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పి, ఆవిడ ఎలా లేచిందో చేసి చూపించాను. తర్వాత ఇద్దరం వంతులేసుకుని ఒకరికొకరం దారి ఇచ్చుకున్నాం. మా అత్తగారు వచ్చి, "మీ దారులు తగలెయ్య, కూర మాడతంది" అన్నారు.

వంతు 91

ఇక ఎర్రమిట్ట ఒక్కటే. భుజంగం గారి దండులన్నీ కనుమ అవతల మా ఏనుగులకు ఎదురుగా ఉన్నాయి. కోట ఖాళీయే, కానీ దానికి దగ్గర దారి ఆ కనుమే. సముద్రం మీద చుట్టి వెళ్ళాలంటే మా పడవలకు ఇరవై వంతులు పడుతుంది. నూరు దాటిపోతాం.

అయినా బెంగలేదు. ఇలాగే నూరు వంతులయితే మార్కుల్లో మేం రెండో స్థానం. మా ఆయన ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. సంతోషంతో నేను ఇవాళ గిన్నెలు రెండుసార్లు తోమాను.

వంతు 94

బెంగ ఉంది.

భుజంగం గారి భార్య సుభద్ర మా ఊరి ఆడపడుచే. నిన్న భోజనాల దగ్గర ఆయన, "ఆ ఏనుగుల గుట్టు నాకు అంతుపట్టటంలా" అని తల పట్టుకున్నారట. ఆవిడ పకపకా నవ్వి, "గుట్టేముంది? ఆ దండుకి వాళ్ళాయన పేరు పెట్టాడు. ఆ పిల్ల నోట పేరు రావటంలా. నేను మిమ్మల్ని ఎప్పుడన్నా పేరు పెట్టి పిలిచానా?" అందట. పాపం, ఆవిడ చెడు తలచి అనలేదు.

ఇవాళ మైకులో భుజంగం గారు చాలాసేపు నవ్వారు.

"అమ్మాయ్! ముప్పై నాలుగు రోజులు నన్ను ఒంటికాలి మీద నిలబెట్టావు గదా! మొగుడి పేరు చెప్పలేకనా? అయ్యో, నా తెలివి తెల్లారిపోను!" అని, తన దండులన్నిటినీ కనుమ నుంచి తీసేశారు. తీరం దారి పట్టించారు. నేరుగా మా రాజధాని మీదికే.

మా రాజధానిలో ఎవరూ లేరు, కొత్త దండు చేయడానికి ఇనుమూ లేదు. రోకలి జొన్నపాలెంలో ఉంది. బావులు తవ్వేవాళ్ళు కొలిమిగుంటలో ఉన్నారు. ఇద్దరూ ఆరు వంతుల్లో ఇల్లు చేరలేరు. దగ్గర ఉన్నవి ఏనుగులే.

రాజధాని పడితే మేం పట్టుకున్నవన్నీ ఎవరివి వాళ్ళకు తిరిగి వెళ్ళిపోతాయి. మేం మళ్ళీ నాలుగో స్థానం. నూరో వంతులో చివర మాట్లాడేది ఆయనే. ఆయన దండులు సరిగ్గా ఆ మాటకే మా గుమ్మంలో ఉంటాయి.

మా ఆయన నన్ను పేరు చెప్పమని అడగలేదు. పలక తుడిచి పక్కన పెట్టేశారు. అదే నాకు నచ్చలేదు.

వంతు 97

అద్దం ముందు నిలబడి పలకడానికి చూశాను. పెదవులు కలిశాయి, మా అత్తగారు దగ్గారు, పెదవులు విడిపోయాయి. గంజి వార్చేటప్పుడు ఆవిరిలోకి చెప్పి చూశాను. గాలి వచ్చింది, పేరు రాలేదు.

మంచు కోతకు వెళ్ళేవాళ్ళకు ఇచ్చే దళసరి చొక్కా ఒకటి మా అత్తగారు పెట్టె అడుగు నుంచి తీసి ఎండ దీపం కింద వేశారు. అది మా మామగారిదట.

వంతు 100

హాలు నిండింది. బల్లల మీద నిలబడ్డారు, గొట్టాల మీద కూర్చున్నారు. బల్ల మీద మా రాజధాని చుట్టూ ఎర్రమిట్ట దండులు. పిల్లికనుమ ఖాళీ. కనుమకు అవతల ఎర్రమిట్ట కోట కూడా ఖాళీ. ఏనుగులకు ఒక్క వంతు నడక.

"దిగువరేవు, చివరి వంతు. నూరు లెక్కపెట్టేలోపు చెప్పండి" అంది యంత్రం.

"పెద్ద దండు ఎర్రమిట్టకు పోవాలి" అన్నాను.

"పెద్ద దండు అనే దండు లేదు. పదిహేను."

"ఏనుగుల దండు."

"ఏనుగుల దండు అనే దండు లేదు. ఇరవై ఎనిమిది."

"మా ఇంట్లో వారి దండు!"

"మా ఇంట్లో వారి దండు అనే దండు లేదు. నలభై."

మైకులో ఎర్రమిట్ట అంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "చెప్పమ్మా చెప్పు! మేమూ వింటాం!" అంటున్నారు భుజంగం గారు. "మూడక్షరాలో నాలుగక్షరాలో గదా, అంత బరువా?"

మా హాల్లో ఎవరూ నవ్వలేదు. నాకు గోడలు కనిపించాయి. ఆ గోడలకు నిజంగానే చెవులు ఉన్నట్టు అనిపించింది.

"డెబ్బై" అంది యంత్రం.

అప్పుడు మా అత్తగారు లేచారు. హక్కు లేదు, ఏమీ లేదు. "చెప్పవే నా తల్లీ!" అని అరిచారు. "మీ మావ పేరు నేను ముప్పయ్యేళ్ళు పలకలా. పలకలేదని మంచు ఆయన్ని వదిలిందా? చెప్పు! గోడ వస్తే నేను చూసుకుంటా!"

"రత్తమ్మ గారికి మాట్లాడే హక్కు లేదు" అంది యంత్రం. "ఎనభై ఒకటి."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పలక ఎత్తారు. పేరు రాస్తారనుకున్నాను. పేరు కాదు. "ఏం ఫర్వాలేదు. రెండేళ్ళే కదా" అని రాసి ఉంది. పైగా నవ్వుతున్నారు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. రెండేళ్ళే కదానా?

"పానకాలు!" అన్నాను.

అనలేదు, అరిచాను. మైకు కుయ్యిమంది. గొట్టాల మీద కూర్చున్నవాడొకడు జారిపడ్డాడు.

"పానకాలు దండు ఎర్రమిట్టకు పోవాలి! పానకాలు దండు కనుమ దాటాలి, కోటలోకి పోవాలి, పానకాలు దండు…"

"ఒకసారి చెబితే చాలు" అంది యంత్రం.

పన్నెండు ఏనుగులూ కదిలాయి. నలభై రోజులు కదలని కాళ్ళు! కనుమలో ధూళి లేచింది. ఏనుగులు ఎర్రమిట్ట వీధిలోకి నడిచాయి, ఎదురు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మైకులో నవ్వు ఆగిపోయింది. ఎవరో ఒక ఆడమనిషి మాత్రం అక్కడ పకపకా నవ్వుతోంది. సుభద్రే అయ్యుండాలి.

"ఎర్రమిట్ట రాజధాని దిగువరేవు వశమైంది. మూడు రాజధానులూ దిగువరేవువే. ఆట ముగిసింది."

హాల్లో ఏం జరిగిందో నేను చెప్పలేను, నాకు ఏమీ వినపడలేదు. ఎవరో నన్ను ఎత్తారు, ఎవరో దించారు. మా అత్తగారు ఈల మీద ఈల. నేను ఎవరు కనిపిస్తే వాళ్ళ చేయి పట్టుకుని, "పానకాలు అన్నాను, విన్నారా? పానకాలు అన్నాను" అంటున్నానట. మొన్న రామనవమికి నేను కలిపిన తియ్యనీళ్ళను బెల్లం నీళ్ళు అని ఎందుకు అన్నానో ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది.

మస్తాన్ బాబాయి చేతులెత్తి అందరినీ ఆపారు. "గెలిచిన మనిషి పేరు యంత్రానికి చెప్పాలి. ఆ ఇంటి మనిషే చెప్పాలి. ఎవరు చెప్తారు?"

మా అత్తగారు నోరు తెరిచారు, హక్కు గుర్తొచ్చి మూసుకున్నారు.

డాక్టరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇవాళ్టితో నలభై. ఆమె తల ఊపింది. మా ఆయన మెడలో పలక తీసి నా చేతిలో పెట్టారు. గొంతు సవరించుకున్నారు. పెళ్ళయిన దగ్గర నుంచి ఆయన నన్ను "ఇదిగో" అనే పిలిచారు, పలక మీద కూడా ఇదిగో అనే రాశారు. ఈయనకు నా పేరు తెలుసా అని ఒకోసారి అనుమానం వచ్చేది.

"నాంచారు" అన్నారు.

తుప్పుపట్టిన గొట్టం తిప్పినట్టు వచ్చింది. ఇంత అందమైన గొంతు నేను వినలేదు.

"వినపడలేదు" అంది యంత్రం.

"నాంచారు!" అన్నారు పానకాలు.

అదే రోజు, సాయంత్రం

మంచు సంగతి నేను చెప్పాలట. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. మళ్ళీ సిగ్గు వచ్చింది కానీ ఈసారి త్వరగా పోయింది.

"ముప్పై మంది రెండేళ్ళు ఉండొద్దండీ. నాలుగు ఊళ్ళ నుంచీ వంతులేసుకుందాం. ఒక్కో జట్టు మూడు నెలలు. ఆలుమగలు కలిసే వెళ్ళొచ్చు" అన్నాను. "మొదటి వంతు మాది. నాకు మంచు చూడాలని ఉంది."

తర్వాత ఎర్రమిట్ట మైకులో సుభద్ర గొంతు వచ్చింది. "మొదటి జట్టులో మా ఇద్దరి పేర్లూ రాసుకో నాంచారూ! నాదీ, భుజంగానిదీ!"

"ఏందే, పేరు పెట్టి పిలిచావా?" అన్నారు భుజంగం గారు వెనక నుంచి.

"ఆఁ, పిలిచా" అందావిడ.

వంతులు అయిపోయాక, నాలుగో రోజు

మూటలు కట్టాం. గోంగూర పచ్చడి రెండు జాడీలు, అప్పడాలు, మామగారి దళసరి చొక్కా. చొక్కా మా ఆయనకు పొడుగైంది, చేతులు మడిచి కుట్టాను. మా అత్తగారు పచ్చడి మూత బిగిస్తూ, "మంచులో తడిపి తినమాకండి, మంచు రుచి ఎక్కిద్ది" అన్నారు. మంచుకు రుచి ఉంటుందని నాకు తెలియదు. రోకలి కూడా పెట్టుకెళ్ళమన్నారు. బరువని వద్దన్నాను.

ఈ పుస్తకం మస్తాన్ బాబాయికి ఇచ్చేయాలి. ఊరి నుంచి బయటికి పోయే గుమ్మం దగ్గర నిలబడి ఈ చివరి మాటలు రాస్తున్నాను. గుమ్మం పక్క గోడలో ఒక చిన్న దీపం ఉంది. దుమ్ము కొట్టుకుపోయి ఉంటే నిన్న నేనే తుడిచాను. ఇప్పుడు అది వెలిగింది. గోడకు చెవులు తీసేశామన్నారు కానీ, మా అత్తగారే కరెక్టు.

"బయటికి వెళ్ళేది ఎవరు?" అని అడుగుతోంది గోడ.

మా ఆయన నా వైపు చూశారు. నేను గోడకు దగ్గరగా జరిగి, గట్టిగా, ఒకటికి రెండుసార్లు వినపడేలా చెప్పాను.

"పానకాలు. నాంచారు."